కాగితంలో ఇల్లు: మన ఇళ్లకు విలువ కట్టడం వెనకున్న చరిత్ర

ఈ ఏడాది మన సభ్యురాలు ఒకామె ఇంటి మీద గది వేసుకోవడానికి బ్యాంకు అప్పుకి దరఖాస్తు పెట్టింది. విలువ కట్టే ఇంజనీరు ఒకటికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి ఇంటికి తాళం. రెండోసారి దస్తావేజులో తూర్పు హద్దు 'గడ్డివాము దొడ్డి' అని ఉంది, చూస్తే అక్కడ సిమెంటు రోడ్డు. మూడోసారి పేరు దగ్గర ఆగింది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, దస్తావేజులో పుట్టింటి ఇంటిపేరు. నెలన్నర పోయింది. ఈలోపు కొన్న ఇసుక వానకు కొట్టుకుపోయింది.

తప్పు ఆమెది కాదు. మన ఇళ్లు కాగితం మీదికి ఎక్కిన చరిత్రే అలా ఉంది. అది తెలిస్తే ఈసారి ఎవరికీ అంత ఆలస్యం కాదని ఈ వ్యాసం రాస్తున్నాం.

వెనకటి రోజుల్లో ఇంటికి విలువ కట్టింది షావుకారి కళ్లు. దూలాలు టేకువా తాటివా, పైన పెంకా గడ్డా, ఎన్ని అంకణాలు, వీధి మొహమా సందు మొహమా అని చూసి నోటితోనే ఒక అంకె చెప్పేవాడు. అంకణం లెక్క కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. ఆ మాట మీద బేరం ఆడే హక్కు ఆడవాళ్లకు ఎక్కడుంది? ఇంటి మీద అప్పు తెచ్చిన సంగతి చాలామందికి వసూలుకు వచ్చినప్పుడే తెలిసేది.

ఇంగ్లీషువాళ్ల పాలనలో మద్రాసు రాజధానిలోని రైత్వారీ జిల్లాల్లో పొలాలను సర్వే చేసి నంబర్లు వేశారు. వాళ్లకు కావలసింది భూమి శిస్తు. జనం కాపురాలున్న చోటికి శిస్తు లేదు కాబట్టి ఊరంతటినీ కలిపి గ్రామకంఠం అని వదిలేశారు. అందుకే ఎకరం పొలానికి అడంగల్ దొరికేది కానీ, మూడు తరాలుగా కాపురమున్న ఇంటికి విడిగా రికార్డు ఉండేది కాదు. పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు సాక్ష్యమే ఆధారం.

1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాక 100 రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి అయింది. ఇవాళ మనం తీసే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, ఆ రిజిస్టర్లలోంచే వస్తుంది. దస్తావేజు బ్యాంకులో ఉంచి అప్పు తీసుకునే పద్ధతి మొదట్లో మద్రాసు లాంటి కొన్ని పట్టణాలకే చెల్లేది. ఇంటిని చూపి బ్యాంకులో అప్పు తేవడం చాలాకాలం పట్నంవాళ్ల పనిగానే ఉండిపోయింది.

ఆడవాళ్ల పేరు కాగితంలోకి రావడానికి ఇంకా సమయం పట్టింది. 1985లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణతో ఆ తేడా పోయింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. సంఘం అప్పుకి 20 లక్షల వరకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం, అందుకే అక్కడ మన ఇంటికి ఎవరూ విలువ కట్టలేదు. ఇప్పుడు మన సభ్యులు సొంత పేరుతో ఇంటి అప్పుకి వెళ్తున్నారు. అక్కడ మాత్రం విలువే కీలకం. 30 లక్షల లోపు ఇంటి అప్పు విలువలో 90 శాతం దాటకూడదు. విలువ తగ్గితే అప్పూ తగ్గుతుంది, ఆ తేడా మన చేతి నుంచి పెట్టుకోవాలి.

2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఊరి ఇళ్లను కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం దాని పని. పాతకాలం సర్వే వదిలేసిన పనిని ఇప్పుడు పూర్తి చేస్తున్నారన్నమాట. మీ ఊళ్లో కొలతలు జరిగే రోజున ఇంట్లో ఉండండి. హద్దు మీరే చూపించండి, పేరు మీరే చదివి చూసుకోండి.

విలువ కట్టేవాళ్లు చూసేది ఇదీ. స్థలానికి ఒక లెక్క, కట్టడానికి ఒక లెక్క. స్థలానికి చుట్టుపక్కల రేటు, దారి వెడల్పు చూస్తారు. కట్టడానికి కొలతలు, వయసు, గోడ, స్లాబు చూస్తారు. దస్తావేజులో రాసిందీ నేల మీద ఉన్నదీ ఒకటేనా అని సరిపోల్చి ఫోటోలు తీస్తారు. కాబట్టి వాళ్లు రాకముందే ఈ పనులు చేసుకుందాం:

- దస్తావేజు, పాత లింకు పత్రాలు, కొత్త ఈసీ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ప్లాను ఒకే సంచిలో పెట్టుకోవాలి. జిరాక్సులు విడిగా ఉంచాలి.
- అన్నిటిలో పేరు, ఇంటి నంబరు ఒకేలా ఉన్నాయో చూడాలి. తేడా ఉంటే ముందే సరిచేయించాలి.
- నాలుగు హద్దులూ నడిచి చూడాలి. మారిన హద్దును ఒక కాగితం మీద రాసి ఉంచాలి.
- అన్ని గదులూ తెరిచి ఉంచాలి. మెట్ల మీద, గోడల వెంట ఉన్న కట్టెలు, బస్తాలు తీసేస్తే కొలత త్వరగా అవుతుంది.
- బోరు, కొత్త స్లాబు, వైరింగు ఎప్పుడు చేయించారో రసీదులతో చెప్పాలి. ప్లానులో లేని గదిని దాచొద్దు. దాస్తే తర్వాత ఫైలు ఆగుతుంది.
- ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే 1977 అసైన్డు భూముల చట్టం అడ్డొస్తుందేమో తహసీల్దారు కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.
- ఆ రోజు ఇంట్లో సంగతులు తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషి మీరే అయితే మరీ మంచిది.

మొదట చెప్పిన సభ్యురాలి గది చివరికి పూర్తయింది. ఇప్పుడు ఆమె తన సంఘంలో ఎవరు అప్పుకి వెళ్లినా ముందు రోజు వెళ్లి వాళ్ల సంచి విప్పించి కాగితాలు చూస్తోంది. ప్రతి గ్రామ సంఘంలో అలాంటి ఇద్దరు తయారు కావాలన్నది వచ్చే ఏడాదికి మనం పెట్టుకున్న పని. షావుకారి నోటిమాటకు తలూపిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. మన ఇంటి విలువ మన ఎదురుగా, మనకు తెలిసేలా కట్టించుకుందాం.