పద్దులో దొరికిన మనిషి

1892 నవంబరు 12. పిట్స్‌బర్గ్‌కు నది అవతలి ఒడ్డున అల్లెఘెనీ పట్టణం, రిక్రియేషన్ పార్కు. పిట్స్‌బర్గ్ క్లబ్బు కుర్రాళ్లు మైదానంలోకి దిగి, ఎదుటి జట్టు వైపు చూసి, ఉన్నచోటే ఆగిపోయారు. అల్లెఘెనీ దుస్తుల్లో నిలబడ్డ ఆ ఆజానుబాహుడు అల్లెఘెనీవాడు కాడు. అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసిన ఎవరైనా అతన్ని ఇట్టే గుర్తుపడతారు. విలియం హెఫెల్‌ఫింగర్, ముద్దుపేరు పజ్. యేల్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, వరుసగా మూడేళ్లు దేశంలోని మేటి పదకొండుమందిలో చోటు సంపాదించినవాడు. రైల్వే ఆఫీసు కొలువుకు సెలవు పెట్టి, షికాగో క్లబ్బుతో ఊరూరా ఆడుతూ వచ్చాడు.

గొడవ మొదలైంది. డబ్బిచ్చి తెచ్చుకున్నారంటూ పిట్స్‌బర్గ్ జట్టు బయటికి నడిచింది. వీళ్లేమన్నా తులసివనంలోంచి వచ్చారా? అదే పజ్‌కు ఈ క్లబ్బే 250 డాలర్లు ఎర చూపిందని అప్పటికే పత్రికల్లో వచ్చింది. కిందటి నెల ఇవే జట్లు 6-6తో తేలకుండా విడిపోయినప్పుడు, పిట్స్‌బర్గ్ తరఫున ‘స్టేయర్’ అన్న పేరుతో దిగింది పెన్ స్టేట్ కాలేజీ కెప్టెన్. చివరికి పందేలు రద్దు చేసుకుని, ఆట మాత్రం ఆడదామని రాజీ పడ్డారు.

ఆనాటి ఆటలో బంతిని ముందుకు విసరడం నిషిద్ధం. గుంపుగా గుద్దుకుంటూ చొచ్చుకుపోవడమే. బంతి పట్టుకొస్తున్న పిట్స్‌బర్గ్ ఆటగాడి మీద పజ్ విరుచుకుపడ్డాడు. బంతి జారింది. అంతే, దాన్ని అందుకుని సుమారు 35 గజాలు పరుగెత్తి గీత దాటాడు. టచ్‌డౌన్‌కు అప్పట్లో 4 పాయింట్లే. చీకటి పడేసరికి అల్లెఘెనీ 4, పిట్స్‌బర్గ్ సున్నా.

డబ్బు పుచ్చుకుంటే అమెచ్యూర్ హోదా పోయేది. క్లబ్బులు అందుకే దొడ్డిదారులు వెతికేవి. గెలిచినవాడికి బంగారు గడియారం బహుమతి ఇచ్చేవారు. అతను దాన్ని తాకట్టు కొట్లో పెట్టి 20 డాలర్లు తెచ్చుకునేవాడు. ఆ గడియారాన్నే విడిపించి మళ్లీ అతనికే ఇచ్చేవారు! ఒక్క గడియారం ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో ఆ కొట్టువాడికే తెలియాలి. పజ్‌కు గడియారాల బెడద లేకుండా పోయింది. అతనూ నోరు విప్పలేదు. ఆ ఆట మీద మోజు మాత్రం చావలేదు: 1933లో, అరవై అయిదేళ్ల వయసులో, మినియాపొలిస్‌లో ఓ ధర్మకార్యం కోసం మళ్లీ మైదానంలోకి దిగాడు. 1954లో టెక్సస్‌లో కన్నుమూశాడు.

పజ్ నోరు విప్పలేదు కాబట్టే దశాబ్దాల పాటు తొలి ప్రొఫెషనల్ కిరీటం జాన్ బ్రాలియర్ తల మీదే ఉంది. 1895లో లాట్రోబ్ ఊరి జట్టుకు 10 డాలర్లు, ఖర్చులు పుచ్చుకుని ఆడిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. తర్వాత పళ్ల డాక్టరయ్యాడు. తీసుకున్నానని ఏ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. చెప్పినవాడికి పేరొచ్చింది, దాచినవాడికి రాలేదు. నాకైతే అందులో అన్యాయమేమీ కనపడదు.

అరవయ్యో దశకంలో నెల్సన్ రాస్ అనే పేరుతో ఒకాయన టైపు చేసిన కాగితాల కట్ట ఒకటి తెచ్చి, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఫుట్‌బాల్ జట్టు యజమాని ఆర్ట్ రూనీకి అందేలా చేసి వెళ్లాడు. మళ్లీ కనిపించలేదు. ఆ కాగితాలు చూపిన దారి పట్టుకుని వెతికితే అల్లెఘెనీ క్లబ్బు జమాఖర్చుల పుట దొరికింది. ఇప్పుడది ఒహాయోలోని కాంటన్‌లో, ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ దగ్గర భద్రంగా ఉంది. గేటు వసూళ్లు 1,683 డాలర్ల 50 సెంట్లు. పార్కు అద్దె 50. అవతలి జట్టు వాటా 428, చెక్కు. ఆటలో ప్రదర్శనకుగాను డబ్ల్యూ. హెఫెల్‌ఫింగర్‌కు బోనస్ 500. నగదు.