మొండెంఖల్లు కొండల్లో బడిపూట (1967–70)

ఏజెన్సీ అంటే రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేక పాలనలో ఉంచిన ప్రాంతం. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న మొండెంఖల్లు, గుమ్మలక్ష్మీపురం కొండపల్లెలు ఆనాడు శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం సభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల పక్షం వారు కాల్చి చంపిన నాటి నుంచి, 1970 జూలై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం బోరి కొండల్లో పోలీసుల చేతిలో మరణించే దాకా సాగిన గిరిజన పోరాటం గురించి రాసేవారు కాల్పులకూ కేసులకూ ఇచ్చినంత చోటు, అదే కాలంలో ఆ పల్లెల్లో నడిచిన బడులకు ఇవ్వరు. పోరాట నాయకులైన సత్యనారాయణ, కైలాసం ఇద్దరూ స్వయంగా బడిపంతుళ్లే కావడం వల్ల ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆనాటి కొండబడి చాలావరకు ఏకోపాధ్యాయ పాఠశాల, అనగా అయిదు తరగతులకూ ఒకే పంతులు, తరచుగా ఒకే గది. వేలాడదీసిన ఇనుప ముక్కను గంటగా మోగించినా పిల్లలు తమంతట తామే వచ్చేవారు కారు గనుక, పంతులు గడపగడపకూ తిరిగి, చోడి అంబలి తాగుతున్నవారినీ పశువుల వెంట బయలుదేరుతున్నవారినీ పిలుచుకు రావలసి వచ్చేది. ఒకటో తరగతి పిల్లలు పలకల మీద అక్షరాలు దిద్దుతుండగా మూడో తరగతివారు ఎక్కాలు అప్పజెప్పేవారు, అయిదో తరగతివారు తమంతట తాము వాచకం చదువుకునేవారు. సవర తెగ పిల్లల ఇంటి భాష వేరు కావడంతో తొలి ఏడాదంతా తెలుగు మాటలు నేర్పడానికే సరిపోయేది. ఈ చిక్కును గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉన్నప్పుడే గుర్తించి, సొంత ఖర్చుతో సవర భాషలో చదువు చెప్పించినా, ప్రభుత్వం ఆ దారి పట్టలేదు. కొండవాలున పొదలు నరికి కాల్చి సాగుచేసే పోడు పనుల కాలంలోనూ, సంత రోజునా హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులే ఎక్కువ.

బడి విడిచాక సాగే పనే అసలైన చిక్కు తెచ్చిపెట్టేది. షావుకారు రాయించుకున్న ప్రోనోటులో, అంటే అప్పుపత్రంలో, ఏముందో చదివి చెప్పడానికీ, తాసీల్దారుకు అర్జీ రాయడానికీ ఊళ్లో చదువు వచ్చిన మనిషి పంతులొక్కడే. మామూలు రోజుల్లో మర్యాద తెచ్చిన ఆ పనే, పోలీసు శిబిరాలు వెలిశాక అనుమానానికి కారణం కాగలిగింది. మగవాళ్లు అడవి పట్టిన పల్లెలో ఇంటి పనులూ పశువులూ పిల్లల మీద పడితే, గైర్హాజరుకు పట్టీలో ఏ కారణం రాయాలన్నది కూడా ఆచితూచి తేల్చుకోవలసిన విషయమే. జీతం పంచాయతీ సమితి నుంచి రావాలి కాబట్టి దారిలో సోదాలున్నా సమితి కార్యాలయానికి వెళ్లక తప్పేది కాదు.

ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా భావించాలని చెప్పిన 1970 నాటి ఒకటో నిబంధన, అంటే జనం నోట 1/70 చట్టం, అమలులోకి వచ్చాక కాగితాలు చదివించుకునే అవసరం తగ్గలేదు, ఇంకా పెరిగింది.