మేళం కదిలింది

గ్రీన్ డే అనే అమెరికా రాక్ బృందం కుర్రతనంలో ఊళ్ళు తిరిగింది ఒక పాత లైబ్రరీ బండిలో. పల్లెపల్లెకూ పుస్తకాలు మోసి రిటైరైన వాహనం అది. డ్రమ్ములు వాయించే ట్రే కూల్ వాళ్ళ నాన్నకు ట్రక్కుల వ్యాపారం ఉండేది. ఆయనే ఆ బండిని బాగుచేయించి, కొన్ని యాత్రలకు స్టీరింగు కూడా పట్టుకున్నాడు. వియత్నాంలో హెలికాప్టర్ నడిపిన మనిషి, కొడుకునూ వాడి ఇద్దరు స్నేహితులనూ గిటార్లతో సహా ఎక్కించుకుని ఊరి నుంచి ఊరికి దింపాడన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు వేరే పని సాగలేదు.

వీళ్ళది పాప్ పంక్. మూడు నాలుగు స్వరాల కట్టు, పరుగుపెట్టే దరువు, చెవులు గళ్ళుపడే చప్పుడు, దాని కింద హాయిగా పాడుకోదగిన బాణీ. 1987లో కాలిఫోర్నియాలో మొదలై, 1994లో 'డూకీ'తో ప్రపంచానికి తెలిసి, 2004లో 'అమెరికన్ ఇడియట్' చేసి, 2024 జనవరిలో 'సేవియర్స్' అనే కొత్త ఆల్బమ్ తెచ్చారు. దాని పేరు మీదే యాత్రకు బయల్దేరారు. 2025 మార్చిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సు దాకా వచ్చారు. తమాషా ఏమిటంటే, యాత్ర పేరు కొత్త ఆల్బమ్‌దే అయినా 2024 స్టేడియం కచేరీల్లో వాళ్ళు మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా పాడినవి ఆ రెండు పాత ఆల్బమ్‌లు. ఒకదానికి ముప్పయ్యేళ్ళు, ఇంకోదానికి ఇరవయ్యేళ్ళు నిండాయని. కొత్త పాటలకు మధ్యలో కాస్త చోటు దొరికింది. యాభై దాటిన గాయకుడు ఇరవై ఒక్కేళ్ళప్పుడు పాడిన పాట పాడుతుంటే, అప్పటికి పుట్టని పిల్లలు కూడా గొంతు కలిపారు.

పుస్తకాల బండి దగ్గరే ఇంకొంచెంసేపు ఆగుతాను. మన దగ్గర పుస్తకాలు నీళ్ళ మీద కూడా ప్రయాణం చేశాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. రేవు రేవులోనూ ఆగి పుస్తకాలిచ్చి, ఇచ్చినవి తిరిగి తీసుకుని సాగిపోయేది. ఆ పడవ ఎప్పుడైనా ఒక బుర్రకథ దళాన్ని ఎక్కించుకుని ఉంటే నా కథ ఇక్కడితో అతికేది. అలాంటి ఆధారం ఏదీ నా కంట పడలేదు కాబట్టి, పాట కట్టుకుని ఊళ్ళు తిరగడం మన వైపు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ ఇంటి చుట్టుపక్కలకే వచ్చాను.

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే రోడ్డు మీద వర్ధన్నపేట. దానికి ఒక పక్క పాలకుర్తి, ఇంకో పక్క ఐనవోలు. ఈ వెతుకులాటకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పాలకుర్తి అంటే పాల్కురికి సోమనాథుడు. 13వ శతాబ్దపు ఆ శివకవి 'పండితారాధ్య చరిత్ర'లో శివరాత్రికి శ్రీశైలం కొండ మీద చేరిన జనాన్ని వర్ణిస్తూ, అక్కడ ఎవరేం పాడారో, ఏ వాద్యం వాయించారో, ఏ ఆట ఆడారో అంతా జాబితా కట్టాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు... ఒక్క పండుగకు ఎన్ని మేళాలు కొండెక్కాయో చూడండి. మతం చెప్పడానికి పూనుకున్న కవి పాటలవాళ్ళ హాజరు పట్టీ వేశాడు. పేర్లు మిగిలాయి. బాణీలు పోయాయి. అందులో ఒక్కదాని దరువైనా ఇప్పుడు వినగలిగితే సోమనాథుడి తక్కిన గ్రంథాలన్నీ ఒక నెల పక్కన పెట్టేస్తాను. శైవులు నన్ను క్షమించాలి.

అసలు నిధి మాత్రం 'క్రీడాభిరామం'. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామా'న్ని చూసి వినుకొండ వల్లభరాయుడు తెలుగులో రాసిన వీథి నాటకం ఇది. కాదు, శ్రీనాథుడే రాశాడని వాదించే పండితులూ ఉన్నారు. ఆ తగువులోకి నేను వెళ్ళను. మంచన శర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభ సెట్టి అనే స్నేహితుడితో కలిసి ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతాడు. అంతే కథ. పూటకూళ్ళ ఇంట్లో ఒక రూక ఇచ్చి కప్పురభోగి బియ్యపు అన్నం తింటారు. కోడిపందాలు చూస్తారు, పొట్టేళ్ళ పోట్లాట చూస్తారు. మనకు కావలసింది దారిలో వాళ్ళు విన్న పాటలు.

ఒకచోట జక్కుల స్త్రీ కామవల్లి మహాలక్ష్మి వలపు కథ పాడుతూ ఎదురవుతుంది. ఇంకోచోట మైలారుదేవుడి వీరభటులు కణకణలాడే చండ్రనిప్పుల గుండాలు తొక్కుతూ, ఒంటికి కొక్కేలు గుచ్చుకుని వేలాడుతూ భక్తి చూపిస్తుంటారు. ఆ దేవుడి భక్తురాలైన గొరగపడుచు ఒకతె వెనక్కి మొగ్గవాలి, పళ్ళెంలో నీళ్ళలో ఉన్న వస్తువును నోటితో అందుకుంటుంది. చూసిన సెట్టిగారు గుటకలు మింగి ఉంటారు. మరోచోట ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్విపదలో, దరువు వేగంగా వాయిస్తూ పాడుతుంది. కవి చూపు అప్పుడు పాటగత్తె మీద నుంచి జనం మీదికి తిరుగుతుంది. ఆమె పలికే ఒక్కొక్క అక్షరానికీ కుర్రాళ్ళు కేకలు పెడుతూ తూలిపోతున్నారట.

ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు పంక్ కచేరీ వీడియోలే గుర్తొస్తాయి. వేదిక ముందు కుర్రకారు ఒకరి మీద ఒకరు పడి ఊగడం పాశ్చాత్య దేశాల్లో పుట్టిందని మనవాళ్ళు నమ్ముతారు. ఓరుగల్లు కుర్రాళ్ళు ఆ పని ఆరువందల ఏళ్ళ కిందటే, మైకు లేకుండా, ఒక ఆడమనిషి గొంతుకూ ఒక వాద్యానికీ చేశారు. పైగా ఆమె పాడుతున్నది ఓరుగల్లు కథ కాదు, పల్నాటి కథ. కృష్ణకు అవతల జరిగిన యుద్ధం కాకతీయుల రాజధాని వీధిలో పాటై వినిపిస్తోందంటే, ఆ కథ ఎవరో ఒకరి వెంట ఊరూరా నడిచి వచ్చిందన్నమాటే. పల్నాటి వీరచరిత్రను కావ్యంగా రాసిన శ్రీనాథుడి పేరు తరగతిలో బట్టీ పట్టించారు. వీధిలో నిలబడి కుర్రాళ్ళను తూలించిన ఆ మనిషి పేరు వల్లభరాయుడు కూడా రాయలేదు. నాకది పెద్ద లోటే.

ఆ తర్వాత నాలుగైదు వందల ఏళ్ళు నేను గబగబా దాటేస్తున్నాను. ఊళ్ళో మిరాశీ హక్కున్న కళాకారుల కులాలు, పంట నూర్చేటప్పుడు కల్లంలో వాళ్ళ వాటా ఇలాంటి సంగతులు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి గాని, పాట వినిపించదు. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధ ఆడి మొదలైన నాటక కుటుంబాలు తరాల తరబడి డేరాల్లోనే పిల్లల్ని కన్నాయి, పెంచాయి, రంగం ఎక్కించాయి. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథ దళాలు కోస్తా అంతా తిరిగాయి. షేక్ నాజర్ గొంతు అప్పటిదే. తెలంగాణ రైతుల మీద రాసిన 'మాభూమి' నాటకం 1947లో ఊళ్ళకు ఊళ్ళను కదిలించి, చివరకు ప్రభుత్వ నిషేధానికి గురైంది. వీటిలో ఒక్కొక్కదానికీ ఒక్కో పుస్తకం కావాలి. నేను ఐనవోలు వెళ్ళాలి.

క్రీడాభిరామంలో నిప్పులు తొక్కించుకున్న మైలారుదేవుడే మన మల్లన్న. ఐనవోలు గుడి కాకతీయుల నాటిది, మంత్రి అయ్యనదేవుడు కట్టించాడని చెబుతారు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా ఐనవోలు వర్ధన్నపేట మండలంలోని ఊరు. ఇప్పుడు సొంత మండలమై హనుమకొండ జిల్లాలోకి పోయింది గాని, అసెంబ్లీ లెక్కలో ఇప్పటికీ వర్ధన్నపేటదే. భోగి నాడు జాతర మొదలైతే ఉగాది దాకా సాగుతుంది. బోనాలు, నేల మీద ముగ్గులా గీసే పట్నాలు, ఒగ్గు పూజారులు. గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ అటూ ఇటూ ఉండగా మల్లన్న పెళ్ళికొడుకు.

శివుడి చేతిలోని చిన్న డమరుకం ఒగ్గు. దాన్ని పట్టి కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా కురుమలు. ప్రధాన కథకుడు, వంతలు పాడేవాళ్ళు, డోలు, తాళం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వాళ్ళ ఆస్తి. వాళ్ళకు యాత్ర అంటే ఒక ఋతువు. సంక్రాంతి నుంచి ఐనవోలు, కొమురవెల్లి, ఓదెల జాతరలు. నడుమ నడుమ ఎవరి ఇంట్లోనో మొక్కుబడి పట్నం. గ్రీన్ డే లాంటివాళ్ళకు ముందు ఆల్బమ్, దాన్ని అమ్మడానికి తర్వాత యాత్ర. ఒగ్గువాళ్ళకు ముందూ వెనకా యాత్రే. కొత్త కథ తెమ్మని ఎవరూ అడగరు. అదే మల్లన్న పెళ్ళి, కానీ నిన్నటి ఊళ్ళో చెప్పినట్టు ఇవాళ చెబితే వినేవాళ్ళు ఊరుకోరు. కట్నం చదివించినవాడి పేరు, ఆ ఊరి చెరువు, ఎదుట కూర్చున్న పెద్దమనిషి మీద ఒక విసురు అప్పటికప్పుడు కథలో పడాలి.

ఈ కళను గుళ్ళ నుంచి వేదికల దాకా నడిపించినవాళ్ళలో చుక్క సత్తయ్య గారిది పెద్ద పేరు. మా వైపువారే. జనగామ దగ్గర మాణిక్యపురంలో 1935లో పుట్టి, 2017లో పోయారు. వేల ప్రదర్శనలు ఇచ్చారు, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. వేములవాడ వైపు మిద్దె రాములు ఎల్లమ్మ కథకు పెట్టింది పేరు. తల మీద చెంబు కదలకుండా ఆడేవారు. క్రీడాభిరామంలోని ఆ గొరగపడుచుకు ఈయన వారసుడే. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లోనూ ఆయన కథ చెప్పి వచ్చారు. ఒగ్గుకు అది సముద్రం దాటిన యాత్ర.

అదే 1990లో విప్లవ గాయకుడు గద్దర్ అజ్ఞాతం నుంచి బయటికి వచ్చి సభలు పెడితే మైదానాలు పట్టలేదు. 1972లో మొదలైన ఆయన జననాట్యమండలి ఊళ్ళ కళారూపాలను తీసుకుని కొత్త మాట నింపింది. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు చూసి అది విప్లవకారుడి వేషమనుకుంటారు చాలామంది. మల్లన్న, బీరప్పల గుడి ముందు గొల్లకురుమలు నిలబడే తీరు ముందు చూసినవాళ్ళు మాత్రం అలా అనుకోరు.

క్యాసెట్ వచ్చాక లెక్క మారింది. అటు అరగంట, ఇటు అరగంట. రాత్రి మొదలై తెల్లవారే కథను గంటలోకి కుదించాలి. ఊరి పేరు, చెరువు పేరు, విసురు, అన్నీ తీసేయాలి, ఎందుకంటే ఆ క్యాసెట్ ఏ ఊళ్ళో మోగుతుందో తెలియదు. ఇక్కడివరకు వ్యాపారం, సరే. కానీ తర్వాత జనమే కథకుడి ముందు కూర్చుని క్యాసెట్‌లో ఉన్నట్టు చెప్పమని అడగడం మొదలుపెట్టారు. అచ్చంగా 'డూకీ' మొత్తం పాడమన్నట్టు. ఆల్బమ్ నుంచే పుట్టిన పాటకు అది గౌరవం. ఏ రాత్రికి ఆ రాత్రి పుట్టే కథకు అది ఉరితాడు.

ఇప్పుడు ప్రభుత్వ ఉత్సవాల్లో, నాయకుల ఊరేగింపుల్లో ఒగ్గు డోలు దళాలు కనిపిస్తాయి. పసుపు పూసుకున్న ఒళ్ళు, ఒకే వరసలో లేచి పడే అడుగులు, దద్దరిల్లే డోళ్ళు. చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. కథ మాత్రం ఉండదు. డోలు పట్టేవాడికి నాలుగు డబ్బులు వస్తున్నాయి గనక నేను ఫిర్యాదు చేయను, కానీ మల్లన్న పెళ్ళి ఎలా జరిగిందో వాళ్ళలో కుర్రాళ్ళను అడిగి చూడాలని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఐనవోలులో అలా కుదరదు. మొక్కు చెల్లాలంటే పట్నం వెయ్యాలి. పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపొడితో నేల మీద గీసిన ఆ పట్నం మీదే దేవుడికి పెళ్ళి. పెళ్ళి అంటే కథ పాడాలి. వెనక ఇంకో కుటుంబం తమ వంతు కోసం నిలబడి తొందరపెడుతుంటుంది, పూజారి కథను కాస్త ముందుకు తోస్తాడు, మొక్కుకున్న ఇంటి ముసలమ్మ ఊరుకోదు. మేడలమ్మ సంగతి చెప్పలేదేమని అడుగుతుంది. ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి పాడతాడు.