త్రీ నాట్ త్రీ వద్దంటే వచ్చిన .315

కరీంనగర్ తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, వైల్డ్‌క్యాట్ తూటా అంటే ఏంది?" ఉన్న తూటా ఇత్తడి కేస్‌ని మార్చి షూటర్లు సొంతంగా చేస్కునేది. అమెరికాలో 1975లో రష్యన్ .220 కేస్ నుంచి 6 పీపీసీ అట్లనే చేసిండ్రు, టార్గెట్ పోటీల కోసం.

మన దగ్గర కథే వేరు. బ్రిటిష్ ఇండియాలో సైన్యం వాడే త్రీ నాట్ త్రీ జనాలకు వద్దన్నరు. అప్పుడు కంపెనీలు ఏం చేసినయ్? ఆస్ట్రియా సైన్యం వాడిన 8 ఎంఎం మాన్లిషర్ తూటానే .315 పేరుతో అమ్మినయ్! అదీ మిలిటరీదే కదా, నవ్వొస్తది. రెండూ 1880ల చివర్ల, 1890ల మొదట్ల పుట్టిన అంచు తూటాలే. ఆ .315 రైఫిల్‌ని మన సర్కారు ఫ్యాక్టరీలు కూడా తయారుచేసినయ్.

పతకం మాత్రం దాంతో రాలే. హైదరాబాద్‌ల పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. అండ్ల మందుగుండే ఉండదు, గాలి ఒత్తిడే.