జేన్ ఆస్టిన్‌కి తీరిక ఎవరిచ్చారు?

1809లో జేన్ ఆస్టిన్ అమ్మతో, అక్క కసాండ్రాతో, స్నేహితురాలు మార్తా లాయిడ్‌తో ఇంగ్లండులోని చాటన్ అనే పల్లెకు మారింది. పొద్దున్నే పియానో వాయించుకుని, తొమ్మిదింటికి అందరికీ అల్పాహారం సిద్ధం చేసేది. టీ, పంచదారల లెక్కా ఆమెదే. అప్పట్లో అవి ఖరీదైన సరుకులు మరి! ఆపైన కుట్టుపని, ఉత్తరాలు, నడక ఉండేవి. మిగతా ఇంటి బరువంతా అక్కా, మార్తా మోసేవారు. ఆ వెసులుబాటులోనే కిటికీ పక్క చిన్న బల్ల మీద రాసుకునేది. 1811 నుంచి నవలలు అచ్చయ్యాయి. పుస్తకాల మీద పేరు మాత్రం లేదు, మొదటి నవల మీద ‘ఒక స్త్రీ’ అని ఉండేది.

1816లో కసాండ్రా ఊరెళ్ళింది. ఇంట్లో చుట్టాలు. బుర్రనిండా మాంసం ముక్కలూ, మందు మోతాదులూ ఉంటే రాయడం నావల్ల కాదని జేన్ అక్కకే ఉత్తరం రాసింది.