మెట్లబావుల పునరుద్ధరణలో యువ స్వచ్ఛంద సేవ (హైదరాబాద్, తెలంగాణ)

వందల ఏళ్ల నాటి మెట్లబావులను చెత్తలోంచి, పూడికలోంచి వెలికితీసి మళ్లీ నీళ్లు నిలిచేలా చేసే పని హైదరాబాద్‌లో 2010 తర్వాత ఊపందుకుంది. డబ్బు ప్రభుత్వ శాఖలది, ట్రస్టులది, కంపెనీలది. దానికి ముందూ వెనకా ఆర్కిటెక్చర్ విద్యార్థులు, కాలేజీ కుర్రకారు, కాలనీల వాళ్లు ఉన్నారు. ఈ బావులను చాలాచోట్ల మరమ్మతు చేసింది వాళ్లు కాదు. ఫలానా సందులో, ఫలానా చెత్తకుప్ప కింద బావి ఉందని కాగితం మీదికెక్కించింది మాత్రం ఎక్కువగా వాళ్లే. యువత పేరుతో జరిగే సభల్లో ఈ రెండు పనులను కలిపేసి చెబుతుంటారు. అలా కలిపేస్తే బావి చరిత్రకూ న్యాయం జరగదు, మేస్త్రీలకూ జరగదు.

బావులు, వాటి వాడుక

దక్కన్ పీఠభూమి రాతినేల. వానలకు భూగర్భజలం పైకి వస్తుంది, ఎండాకాలానికి అడుగంటుతుంది. నీటిమట్టం ఇంతగా మారే చోట గట్టు మీద నిలబడి చేదుకునే బావి కన్నా నీళ్ల దాకా దిగిపోయే బావి నయం. జనం ఆశ్వయుజంలో నాలుగు మెట్లు దిగితే, వైశాఖంలో నలభై దిగేవాళ్లు. దీన్నే ఊరూరా దిగుడుబావి, మెట్లబావి అన్నారు. గుడి పక్కనుంటే కోనేరు, హైదరాబాద్ ఉర్దూలో బౌలి. ఒక పక్క మెట్లుంటే మరో పక్క మోటకు ఏర్పాటు. ఎడ్లు వాలు మీద కిందికి దిగుతుంటే తోలు బొక్కెన పైకొచ్చి, దాని తొండంలోంచి నీళ్లు తొట్టిలోకి, అక్కణ్నుంచి కాలవలోకి పారేవి. బావి గట్టున తాళ్లు ఒరుసుకుని రాళ్ల మీద పడ్డ గాడులు ఇప్పటికీ కొన్నిచోట్ల వేలికి తగులుతాయి.

కాకతీయుల నాటి బావులు ఓరుగల్లు చుట్టుపక్కల ఉన్నాయి. శివనగర్‌లోని అంతస్తుల బావి వాటిలో పేరున్నది. కుతుబ్‌షాహీలు గోల్కొండ తోటలకు, సమాధుల ప్రాంగణానికి బావులు తవ్వించారు. ఆసఫ్‌జాహీల కాలంలో దేవిడీలకు, బస్తీలకు బావులుండేవి. గచ్చిబౌలి, పుత్లీబౌలి, దూద్‌బౌలి, రేతిబౌలి అన్న పేర్లతో బస్సులెక్కే వాళ్లలో ఆ పేర్లలోని బౌలిని చూసినవాళ్లు తక్కువ.

నగరంలో బావులు లేని చోట్లూ ఉన్నాయి. సినీ పరిశ్రమ కొలువైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద పెరిగిన కాలనీలు. అక్కడ బండలే తప్ప చెప్పుకోదగ్గ పాత బావులు లేవు. కొండ దిగి షేక్‌పేట దాటితే కుతుబ్‌షాహీ సమాధుల బావులొస్తాయి. ఇటు మోతీనగర్ దాటితే కూకట్‌పల్లి రామాలయం కోనేరు. సినిమా వాళ్లకు బాగా తెలిసిన కోనేరు ఇంకొకటుంది, శంషాబాద్ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయానిది. అక్కడ మొదటి షాట్ తీస్తే సినిమా ఆడుతుందన్న నమ్మకంతో ఎన్నో యూనిట్లు ఆ మండపాల ముందు కెమెరా పెట్టాయి. వెండితెర మీద ఆ కోనేటిని చూసిన లక్షల మందికి అది ఏ ఊరిదో తెలియదు.

ఎందుకు మూతపడ్డాయి

బావుల పతనానికి కుళాయి నీళ్లు మొదటి కారణం. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి గొట్టాల్లో నీళ్లొచ్చాక బావి దగ్గరికి వెళ్లే అవసరం తీరింది. పల్లెల్లో ఆ పని కరెంటు మోటారు చేసింది. మోట మూలపడింది, ఆ తర్వాత బోరు వచ్చి బావిలో ఉన్న ఊటను కూడా లాగేసింది.

రెండో కారణాన్ని వారసత్వ ప్రేమికులు అంతగా చెప్పరు గానీ చెప్పి తీరాల్సింది. అదే నారికురుపు. ఈ జబ్బున్న మనిషి కాలి పుండుతో నీళ్లలో దిగితే, పుండులోంచి పురుగు పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. వాటిని నీటిలోని కంటికి ఆనని జీవులు మింగుతాయి. ఆ నీళ్లు వడగట్టకుండా తాగినవాడికి ఏడాది తర్వాత కాలిలోంచి మూరెడు పురుగు బయటికొస్తుంది. ఈ చక్రం తిరగడానికి దిగి ముంచుకునే బావి కన్నా అనువైన చోటు లేదు. నారికురుపు బెడద ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1980ల మొదట్లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక దిగుడుబావులను పూడ్చడం, మెట్లు మూసి చేదబావులుగా మార్చడం, నీటిలో మందు కలపడం, బోరింగులు వేయడం దేశమంతా సాగాయి. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. అప్పట్లో మెట్లబావిని మూసినవాళ్లు వారసత్వం మీద కక్షతో మూయలేదు, పిల్లల కాళ్లు కాపాడటానికి మూశారు. ఇప్పుడు పునరుద్ధరించిన బావుల్లో నీళ్లు తాగడానికి కాక చూడటానికి, భూమిలోకి ఇంకడానికి ఉంచుతున్నారంటే ఆ అనుభవం కూడా ఒక కారణం.

మూతపడ్డ బావి ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. నగరంలో గుంత కనిపిస్తే చెత్త వచ్చి పడుతుంది. దేవుడి పటాలు, పాత పరుపులు, కూల్చిన ఇళ్ల శిథిలాలు, చవితి వెళ్లాక విగ్రహాలు చేరతాయి. బావి నిండితే పైన మట్టి కప్పి షెడ్డు వేసుకోవచ్చు కూడా.

శ్రమదానం నుంచి కొలతల టేపు దాకా

యువకులు శిబిరం పెట్టుకుని దెబ్బతిన్న చోటును బాగుచేసే పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రూపం తీసుకుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ 1920లో ఫ్రాన్స్‌లోని వెర్డున్ దగ్గర పాడైన ఊరిని తిరిగి కట్టేందుకు కొద్దిమందితో శిబిరం నడిపాడు. అదే తర్వాత సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అయింది. 1934 బిహార్ భూకంపం తర్వాత ఆయన అక్కడికీ వచ్చి పనిచేశాడు. అమెరికాలో స్టూడెంట్ కన్సర్వేషన్ అసోసియేషన్ 1957లో మొదలై, మొదటి బృందాలను ఒలింపిక్, గ్రాండ్ టీటన్ జాతీయ పార్కులకు పంపింది. గ్రాండ్ టీటన్‌లో పాత పశువుల క్షేత్రాల చుట్టూ ఉండే దుంగల కంచెలను స్వచ్ఛంద సేవకులు సరిచేస్తుంటారు. దుంగ పుచ్చిపోతే మరో దుంగ పెట్టొచ్చు, వారం శిక్షణతో కాలేజీ పిల్లలు ఆ పని నేర్చుకుంటారు. నలభై అడుగుల లోతున సున్నంతో నిలబడ్డ రాతిగోడ సంగతి అలాంటిది కాదు. మన దగ్గర యువత పాత్ర వేరే దారి పట్టడానికి మూలం ఇక్కడే ఉంది.

తెలుగునాట శ్రమదానం పేరుతో రోడ్లు వేయడం, చెరువు పూడిక తీయడం స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లోనే అలవాటైంది. 1969 సెప్టెంబర్ 24న జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 37 విశ్వవిద్యాలయాల్లో మొదలయ్యాక అది కాలేజీల్లోకి వచ్చింది. ప్రతి ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కు ఊళ్లో శీతాకాల శిబిరం, పారపట్టి కాలవ తీయడం, గుడి ముందు కలుపు పీకడం మామూలే. కట్టడాన్ని కట్టడంగా చూడటం మాత్రం తర్వాత వచ్చింది.

హైదరాబాద్‌లో ఆ చూపు ముందు బండల మీద పడింది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలను పేల్చి ఇళ్లు కడుతుంటే, 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. నెలనెలా బండల దగ్గరికి నడకలు, ఫొటోలు, ఏ బండ ఏ సర్వే నంబరులో ఉందో పట్టిక, దాన్ని పట్టుకుని అధికారుల దగ్గరికి వెళ్లడం వాళ్ల పద్ధతి. అంతకు ఏడాది ముందే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) తెచ్చిన వారసత్వ నియమాల్లోకి కొన్ని బండల ప్రాంతాలు చేరడానికి ఇలాంటి పట్టుదలే తోడ్పడింది. బావుల వాళ్లు తర్వాత పట్టిన దారి ఇదే. ముందు ఎక్కడుందో కనుక్కోవడం, కొలవడం, పటం గీయడం, ఆ తర్వాతే అడగడం.

హైదరాబాద్ డిజైన్ ఫోరం ఆధ్వర్యంలో ఆర్కిటెక్టులు, ఆర్కిటెక్చర్ కాలేజీల విద్యార్థులు జిల్లాలు తిరిగి పదుల సంఖ్యలో మెట్లబావులను కొలిచారు. దాని ఫలితమే ‘ది ఫర్‌గాటెన్ స్టెప్‌వెల్స్’ పుస్తకం. ఆ పని చూసినవాళ్లకు తెలుస్తుంది, అది ఎంత విసుగు పనో. ముళ్లకంప నరికి దారి చేసుకోవాలి. ఒకరు టేపు పట్టుకుంటే ఒకరు మెట్టు మెట్టుకూ ఎత్తు రాసుకోవాలి. గట్టు మీద ముసలాయన వచ్చి ఇది మా తాత కాలంలో మోట తోలిన బావి అని మొదలుపెడితే ఓపిగ్గా వినాలి. ఇలా తయారైన చిత్రాలు లేకపోతే మరమ్మతుకు అంచనా వేయడానికి కూడా దిక్కులేదు.

బడీ బౌలి, బన్సీలాల్‌పేట

కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో పనులకు ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది వానలకే అక్కడి బడీ బౌలి గోడ ఒక వైపు కూలిపోయింది. కూలిన గోడను పాత పద్ధతిలో మళ్లీ లేపడం, పూడిక తీయడం, వాన నీటికి దారి చేయడం సంప్రదాయ పనివాళ్ల చేతుల మీదుగా జరిగింది. ప్రాంగణంలోని ఆరు బావులూ ఇలా తేరుకున్నాయి. 2022లో గోల్కొండ మెట్లబావుల పేరుతో వీటికి యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు కూడా వచ్చింది. మొత్తం ప్రాంగణాన్ని 2024 జులైలో ప్రారంభించారు.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట బావి కథ వేరు. ఒకప్పుడు నాగన్నకుంట అన్న ఈ చోటును 1930ల మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ హయాంలో ఆదర్శ బస్తీగా తీర్చారు. విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పేటకు మిగిలింది. పునరుద్ధరణకు ముందు నలభై ఏళ్లు ఆ బావి బస్తీకి చెత్తకుండీ. ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ కలిసి 2021లో పని మొదలుపెట్టాయి. వేల టన్నుల చెత్త తీశాక ఆరంతస్తుల లోతున రాతి స్తంభాలు, మెట్లు బయటపడ్డాయి, ఊట తిరిగి వచ్చింది. 2022 మార్చిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీని ప్రస్తావన వచ్చింది. దాదాపు 10 కోట్ల రూపాయల ఖర్చుతో తీర్చిన ఈ బావిని ఆ డిసెంబర్ 5న ప్రారంభించారు. బావి చుట్టూ ఉన్న ఇళ్ల వాళ్లను ఒప్పించడం ఇంజినీరింగ్ కన్నా ఎక్కువ సమయం తీసుకునే పని. గడప గడపకూ తిరిగి చెత్త ఇక్కడ వేయొద్దని చెప్పే ఆ పనికి స్వచ్ఛంద సేవకులకు మించినవాళ్లు దొరకరు. జీతం తీసుకునే మనిషి చెబితే జనం వినేది తక్కువ.

బావిలో దిగేముందు

కుర్రాళ్లు ఉత్సాహంగా పారలు పట్టుకుని పాత బావిలో దిగడం ప్రమాదం. మురిగిన చెత్త అడుగున ఊపిరాడనివ్వని వాయువులు పేరుకుంటాయి, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. మొదట గాలి పరీక్ష, తర్వాత క్రేన్, బొక్కెన, ఆ తర్వాతే మనిషి. నీళ్లను ఒక్కసారిగా మోటార్లతో తోడేయడం ఇంకో తప్పు. గోడ వెనక మట్టి నానివుంటుంది, ముందున్న నీళ్లు దానికి ఆనుడు. ఆ ఆనుడు హఠాత్తుగా పోతే రాతికట్టు లోపలికి విరుచుకుపడుతుంది. కాబట్టి రోజుకు కొంత కొంతగా తోడాలి.

రావి, మర్రి మొక్కల వేళ్లు రాళ్ల సందుల్లోకి దూరివుంటాయి. చెట్టును పీకితే రాయి కూడా వస్తుంది. కొమ్మ కొట్టి, వేరు చంపి, ఆ సందును సున్నంతో నింపాలి. సిమెంటు పూస్తే పని తొందరగా అవుతుంది కానీ లోపలి చెమ్మ బయటికి రాక, ఉప్పు పేరుకుని, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. అందుకే డంగు సున్నం. నానబెట్టి మాగిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రాతిచక్రం కింద వెన్నలా మెదిగే దాకా తిప్పుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ ఊరిన నీళ్లు కలుపుతారు. మెదిగిందో లేదో మేస్త్రీ బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రాసి చెబుతాడు. ఈ పని తెలిసిన వడ్డెర, మేస్త్రీ కుటుంబాలు తగ్గిపోయాయి. వర్క్‌షాపుకు వచ్చిన విద్యార్థి రెండు రోజులు తాపీ పట్టుకున్నంత మాత్రాన మేస్త్రీ కాడు. అయితే సున్నానికి, సిమెంటుకు తేడా తెలిసిన ఇంజినీరు అవుతాడు, అదీ తక్కువ లాభం కాదు.

తర్వాతి దశ

2015 మార్చిలో మిషన్ కాకతీయ పేరిట రాష్ట్రం 46 వేలకు పైగా చెరువుల లెక్కతో పూడికతీత చేపట్టింది. బావులకు అలాంటి పథకం లేదు, ఒక్కో బావికీ ఒక్కో దాత కావలసి వచ్చింది. కామారెడ్డి జిల్లా లింగంపేటలోని నాగన్న బావి, కూకట్‌పల్లి కోనేరు పునరుద్ధరణ జాబితాలోకి చేరాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలకు మెట్లబావులను దత్తత ఇస్తూ ఒప్పందాలు చేసుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మహ్‌లఖా బాయి చందా (1768–1824) పేరుతో ఉన్న బావి ఇన్ఫోసిస్‌కు దక్కింది. ఉర్దూలో దీవాన్ (కవితా సంపుటి) రాసిన ఆ కవయిత్రి బావి, ఇప్పుడు వేలమంది విద్యార్థులు నడిచే దారి పక్కనే ఉంది.

రామప్ప గుడి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక కాకతీయ హెరిటేజ్ ట్రస్టు పాలంపేటలో యువ స్వచ్ఛంద సేవకుల శిబిరం నడిపింది. యునెస్కో 2008లో మొదలుపెట్టిన వరల్డ్ హెరిటేజ్ వాలంటీర్స్ తరహాలోనే అక్కడా పాఠాలు, పరిశీలన, పరిసరాల పని కలిసి సాగాయి.

ప్రారంభోత్సవం అయిన బావికి అసలు కష్టం మొదలయ్యేది మరుసటి ఏడాదే. ఆకులు రాలి అడుగున కుళ్లుతాయి, నాచు కడుతుంది, పక్క డ్రైనేజీ పగిలితే మురుగు ఊటలో కలుస్తుంది, మొలిచిన రావి మొక్కను మూడు నెలలకోసారి చూడకపోతే అది చెట్టవుతుంది. ఈ పనికి కోట్లు అక్కర్లేదు, మనుషులు కావాలి. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలని నియమం. దగ్గర్లోని కాలేజీకి ఒక్కో బావిని అప్పగించి, వానలకు ముందోసారి, తర్వాతోసారి అడుగు నుంచి గట్టు దాకా చూసి రాసే పుస్తకం పెట్టే ఏర్పాటు రాష్ట్రవ్యాప్తంగా ఇంకా రాలేదు.