ఆకు అడ్డుకోతలో జాతి ఆనవాలు

1753లో మొక్కల జాతులకు పేర్లు స్థిరపరిచినప్పుడు లిన్నేయస్ పెద్దపీట పూవుకే వేశాడు. కేసరాలెన్ని, కీలాలెన్ని అన్న లెక్కతో తరగతులు విడదీశాడు. అడవుల్లో తిరిగేవాళ్లకు చిక్కంతా అక్కడే. చేతికందిన కొమ్మకు పూత ఉండకపోవచ్చు. గడ్డిజాతులకైతే పూలు ఉన్నా అవి మరీ చిన్నవి, ఒకదాన్ని పోలి ఒకటి.

ఆకును పల్చగా అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద కణజాలాల అమరిక చూసి గడ్డిజాతులను వేరుచేయవచ్చని 1875లో ఫ్రాన్స్‌కు చెందిన ద్యూవాల్-జూవ్ వివరంగా చూపించాడు. ఎండకు వాడిన వరి ఆకు చుట్టుకుపోవడం రైతులందరూ చూసేదే. గడ్డి ఆకుల ఆ కదలికతో ముడిపెట్టి చెప్పే పెద్ద కణాలకు బుల్లిఫారం అని పేరు పెట్టింది ఆయనే. 1882లో ఆస్ట్రియాకు చెందిన హాకెల్ ఐరోపా ఫెస్ట్యూకా గడ్డిజాతుల మీద గ్రంథం రాస్తూ ఈ పద్ధతిని గట్టిగా వాడుకున్నాడు. వాటిలో చాలావాటి ఆకులు దారప్పోగుల్లా ఉంటాయి, పైకి తేడా తెలియదు. కోస్తే మాత్రం కొన్నింటిలో బాహ్యచర్మం కింద దృఢకణజాలం చుట్టూతా వలయంలా ఉంటుంది, కొన్నింటిలో విడివిడి కట్టలుగా ఉంటుంది. ఫెస్ట్యూకాలను గుర్తుపట్టడానికి నేటికీ ఆ కోతనే చూస్తారు. హాకెల్ గ్రంథం వచ్చిన మరుసటి ఏడే మ్యూనిక్‌లో, కుంకుడు కుటుంబం మీద పట్టున్న రాడ్ల్‌కోఫర్, రాబోయే నూరేళ్లు అంతర్నిర్మాణ పద్ధతివేనని ప్రకటించాడు.

రెండు జాతుల కలయికతో పుట్టే సంకరాల సంగతికొస్తే, నాకు అందరికంటే మిన్నగా తోచేది మాక్‌ఫర్లేన్. 1892లో ఎడిన్‌బరోలో అచ్చయిన ఆయన పరిశోధనలో తల్లి, తండ్రి, సంకరం మూడింటి కణజాలాలూ పక్కపక్కన నిలిచాయి. నూగు, పత్రరంధ్రాలు, కణాల పరిమాణం అన్నీ పోల్చి చూశాడు. ఆ సంకరాల్లో చాలావరకు తోటల్లో పుట్టించినవే. గీయం ఇంటర్మీడియం మాత్రం తడినేలల గీయం రివాలే, కంచెల నీడన పెరిగే గీయం అర్బానం కలిసినచోట తనంతట తాను పుట్టేది. సంకరం చాలా లక్షణాల్లో ఇద్దరికీ నడుమ నిలుస్తుందని ఆయన తేల్చాడు. ఫలితం కన్నా ఆ పద్ధతే గొప్పదని నా నమ్మకం: తల్లిదండ్రులిద్దరితోనూ పోల్చకుండా మొక్క సంకరమని అనడానికి వీల్లేదు.

నడుమ అన్న సూత్రం తర్వాత సడలింది. 1993లో రీస్‌బెర్గ్, ఎల్‌స్ట్రాండ్ పాత అధ్యయనాలను కలిపి చూస్తే, సంకరాల్లో కొన్ని లక్షణాలు ఒక జనకుడివి, కొన్ని మధ్యస్థం, మరికొన్ని ఇద్దరిలోనూ లేనివి. అంటే కొత్తగా కనిపించిన ప్రతి లక్షణమూ కొత్త జాతికి రుజువు కాదు.

వెలుతురు కూడా మాయ చేస్తుంది. ఒకే చెట్టు ఎండకొమ్మ ఆకు మందం, నీడకొమ్మ ఆకు పల్చన. పత్రరంధ్రాల సాంద్రతా మారుతుంది. అందుకే 1927లో సాలిస్‌బరీ, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని రంధ్రాలని కాక, మొత్తం బాహ్యచర్మ కణాల్లో రంధ్రాల వాటా ఎంతని లెక్కించే సూచికను తెచ్చాడు. అది మరింత నిలకడైనది. ఒక్క మొక్క, ఒక్క ఆకు కోసి కొత్త జాతి అని ప్రకటించే తొందరను నేను ఒప్పుకోలేను. ఒకే ఈడు, ఒకే ఎత్తు ఆకులు చాలా మొక్కల నుంచి రావాలి.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక ఈ పని పాతబడిందనుకుంటే పొరపాటు. హెర్బేరియంలో ఎండిపోయిన నమూనాల్లో డీఎన్‌ఏ తరచు ముక్కలైపోయి ఉంటుంది. ఆకు తునకను మాత్రం నానబెట్టి మెత్తబరిచి ఇప్పటికీ కోయవచ్చు.